బడిచదువు - బ్రతుకుతెరువు

నల్లగొండ ప్రాంతమున మేమెఱిగిన యొక రైతు కలడు. ఆతనికి బోరుబావి క్రింద మూడెకరముల సేద్యముండెను. అందొక యెకరము నమ్మి కుమారుని ఇంజనీరింగు చదివించెను. చదువు ముగిసినది, పట్టము చేతికి వచ్చినది, కొలువు మాత్రము రాలేదు. పిదప ఆ యువకుడు హైదరాబాదున అశోక్ నగరమునందొక యిఱుకు గదిలో నలుగురితో గూడి కాపురముండి, ప్రభుత్వోద్యోగముల పోటీపరీక్షలకు చదువుచు నాలుగేండ్లు గడపెను. ఇపుడు ఇల్లు చేరినాడు. బావి మోటారు చెడిన విప్పి చూచుట ఆతనికి రాదు. బ్యాంకివారు పంపిన కాగితమును తండ్రికి తేటతెలుగున విప్పి చెప్పుట రాదు. పొలములోనికి దిగుటకు సిగ్గు, దిగకుండుటకును సిగ్గే. "మావాడు రెంటికి చెడ్డ రేవడి అయినాడండి" అని ఆ తండ్రి మాతో ననినపుడు మాకు బదులు తోచలేదు. ఆ పిల్లవాడు తనంతట తాను చెడినాడా, లేక మనమందఱము గూడి వానిని చెఱచితిమా అను ప్రశ్న మాత్రము నాటినుండియు మమ్ము విడువకున్నది. ఆ ప్రశ్ననే నేడు పాఠకుల ముందుంచుచున్నాము.

ఇది యొక్క యింటి గోడు కాదు. తెలంగాణ పబ్లిక్ సర్వీసు కమిషనువారు నాలుగవ గ్రూపునందలి 8,180 కొలువులకు 2022 డిసెంబరులో ప్రకటన చేయగా సుమారు తొమ్మిదిన్నర లక్షలమంది దరఖాస్తులు పెట్టుకొనిరి. 2023 జూలై 1వ తేదీన ఆ పరీక్ష జరిగినది. ఒక్కొక్క గుమాస్తా పీటకు నూరుమందికి పైగా పోటీ! ఆ నూరుమందిలో నొక్కడు కూర్చుండును. మిగిలినవారు మఱల పుస్తకము పట్టుదురు. తమ వయస్సులో మిక్కిలి చుఱుకైన యేండ్లను వారు ఎన్నటికిని అక్కఱకు రాని వివరములను కంఠస్థము చేయుటకై ధారవోయుచున్నారు.

భారత ప్రభుత్వమువారి 2023-24 కార్మికబల సర్వే ననుసరించి 15 మొదలు 29 ఏండ్లవఱకు గల యువజనులలో నిరుద్యోగము నూటికి 10.2. పదునైదేండ్లు పైబడిన యెల్లవారిని లెక్కించినచో అది 3.2 మాత్రమే. అంతర్జాతీయ కార్మిక సంస్థ మఱియొక పరిశోధన సంస్థతో గలిసి 2024లో ప్రకటించిన నివేదిక యింకను దిగులు గొల్పునది. 2022వ సంవత్సరమున, చదువను వ్రాయను రాని యువకులలో నిరుద్యోగులు నూటికి 3.4 కాగా, పట్టభద్రులలో 29.1 అట! చదువు పెరిగినకొలది నిరుద్యోగము పెరుగుచున్నది. వినువారికిది వింతగా నుండును. అక్షరము రానివానికి సుఖముగ బ్రతుకు దొరకుచున్నదని దీనికర్థము కాదు. వానికి పనిలేక కూర్చుండుటకు తాహతు లేదు; దొరకిన కూలికి పోవును. చదివినవాడు, ఇంటిలో నింత తిండి యున్నవాడు, తన చదువునకు దగిన కొలువుకై వేచియుండును. కావున నీ యంకెలు చదువు చెడ్డదని చెప్పుట లేదు. మన చదువు ఒకే గుమ్మమువైపు త్రోవ చూపుచున్నదనియు, ఆ గుమ్మము మిక్కిలి యిఱుకైనదనియు చెప్పుచున్నవి.

ఈ వ్యాధికి మూలమేది యని యడిగినచో మన పెద్దలు రెండు పక్షములుగ చీలుదురు. విద్య చెడుటచేతనే నిరుద్యోగము వచ్చినదనువారొకరు. పరిశ్రమలు లేకుండుటచే వచ్చినది గాని బడికేమియు సంబంధము లేదనువారు మఱియొకరు. ఇరువురి మాటలును సగము నిజములు. సగము నిజమును పట్టుకొని వైద్యము చేయబోయినందుననే, రెండు వందల యేండ్లుగ నీ వ్యాధి ముదిరినది. కావున ముందుగా చరిత్రను కొంచెము తిరుగవేయుట యవసరము.

కాంబెల్ దొర చూచిన బడులు

1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో, తన రాజధానిలోని దేశీయ పాఠశాలల లెక్క పంపుడని కలెక్టర్లకు తాకీదు లిచ్చెను. 1826లో ఆ లెక్కలు తేలినవి. ఒక కోటి ఇరువది యెనిమిది లక్షల జనసంఖ్యకు 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు. ఇంచుమించు వేయిమంది కొక బడి. తెల్లదొరలు వచ్చి అక్షరము నేర్పువఱకు మనకు చదువే లేదని చెప్పువారికి ఈ యంకెలే సమాధానము.

ఆ కలెక్టర్లలో బళ్లారి జిల్లాకు ఏ. డి. కాంబెల్ అధికారిగా నుండెను. ఈయన సామాన్యుడు కాడు. 1816లో ఇంగ్లీషున తెలుగు వ్యాకరణమును ప్రకటించిన పండితుడు. నేటి అనంతపురము సీమయు ఆనాడు బళ్లారి జిల్లాలోనిదే. 1823 ఆగస్టులో నాయన పంపిన నివేదికలో ఆ జిల్లాలోని 533 బడులలో 6,641 మంది చదువుచుండిరని కలదు. కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226. ఇంగ్లీషు బడి యొక్కటే. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట, ముందుచదివినవారు వెనుకవారికి చెప్పుట మొదలగు పద్ధతులను ఆయన మెచ్చుకొనెను. కాని అంతటితో నాగక రెండు చేదు నిజములను గూడ వ్రాసెను. మనము మొదటి మెప్పును మాత్రమే జ్ఞాపకముంచుకొని, ఈ రెంటిని మఱచితిమి.

మొదటిది: ఆ బడులలో పిల్లలు పద్యములను వల్లించుచుండిరే గాని వానిలోని యర్థము నెఱుగకుండిరి. గ్రంథములలోని భాష వేఱు, ఇంటిలో మాటాడు భాష వేఱు. చిలుకపలుకుల చదువు అది.

రెండవది: ఆ బడులు నానాటికి మూతపడుచుండెను. ఏల? ప్రజలు బీదలైపోయినందున. సీమనుండి వచ్చిన గుడ్డ మన నేతను పడగొట్టగా పనివాండ్రకు ఆదాయము తఱిగెననియు, బిడ్డలకు పనిచేయు శక్తి వచ్చినంతనే తల్లిదండ్రులు వారిని బడి మాన్పించి పనికి పంపుచుండిరనియు ఆ కలెక్టరే యొప్పుకొనెను. మగ్గమాగినచోట బడియు నాగెను. పనికిని బడికిని గల సంబంధము ఇంత స్పష్టముగ మఱి యెక్కడను కానరాదు. బడి చెడినందున పని పోలేదు; పని పోయినందున బడి చెడినది. నిరుద్యోగమునకు బడినొక్కదానినే దోషిగ నిలువబెట్టువారు బళ్లారి నేతగాండ్రను తలచుకొందురు గాక!

కొలువుచదువు పుట్టిన రీతి

అయినను బడికిని దోషము లేకపోలేదు. 1835 ఫిబ్రవరిలో మెకాలే తన ప్రసిద్ధమైన అభిప్రాయపత్రమును వ్రాసెను. దానిని తిట్టని వక్త మన దేశమున లేడు. కాని మెకాలే వ్రాతకంటె మన బ్రతుకుల నెక్కువగ మార్చినది 1844లో హార్డింజి ప్రభువు చేసిన తీర్మానము. ఇంగ్లీషు చదివినవారికే ప్రభుత్వోద్యోగములలో ముందు చోటీయవలెనని ఆ తీర్మానము శాసించెను. నాటినుండి చదువనగా కొలువునకు చీటి యయ్యెను. కొలువు దొరకినచో చదువు ఫలించినట్లు, దొరకనిచో వ్యర్థమైనట్లు. ఆ చీటి నేడును మన మనస్సులలో చెల్లుచునేయున్నది. దొరలు పోయిరి, చీటి పోలేదు.

దీనికి విరుగుడు వెదకినవారు మనలో లేకపోలేదు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు వారికి కుడియెడమల నిలిచిరి. సర్కారు కొలువునకు పనికివచ్చు పట్టమును ఆశింపక, విద్యతోపాటు చేతిపనియు, కళలను నేర్పుట ఆ సంస్థ యాశయము. వంగదేశమున రవీంద్రనాథ ఠాకూరు 1922లో శ్రీనికేతనమును నెలకొల్పి, గ్రామపునర్నిర్మాణమును విద్యతో ముడివేసిరి. ఇవి దీపస్తంభములు. కాని దీపస్తంభములవలన తీరమంతయు వెలుగదు గదా.

వార్ధా పథకము - దాని భంగము

దేశమంతటికిని వర్తించునట్లు ఈ ప్రశ్నను లేవనెత్తినవారు గాంధీ మహాత్ములు. 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో విద్యామహాసభ జరిగినది. జాకీర్ హుస్సేన్ గారి యధ్యక్షతను ఏర్పడిన సంఘము ప్రణాళికను సిద్ధపఱచెను. 1938లో హరిపుర కాంగ్రెసు దానిని ఆమోదించెను. ఏడేండ్లు మొదలు పదునాలుగేండ్లవఱకు నిర్బంధోచిత విద్య, బోధన మాతృభాషలో, సమస్త విద్యయు నొక చేతిపనికి ముడివడియుండుట - ఇవి దాని మూలసూత్రములు. దినమునకు ఐదున్నర గంటల బడిలో మూడు గంటల ఇరువది నిమిషములు చేతిపనికే కేటాయించిరి. మాతృభాషకు నలువది నిమిషములు. సంగీతము, చిత్రలేఖనము, గణితములకు గలిపి నలువది నిమిషములు. సాంఘిక విషయములకును ప్రకృతిశాస్త్రమునకును ముప్పది నిమిషములు.

ఈ పథకము ఏల నిలువలేదు? 1939లో కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా లిచ్చుటచే ఆరంభమందే దెబ్బ తగిలినమాట నిజమే. కాని స్వరాజ్యము వచ్చిన పిమ్మటను అది వేళ్లూనలేదు. మా యభిప్రాయమున దీనికి మూడు కారణములు కలవు.

పిల్లలు చేసిన వస్తువుల యమ్మకముతో ఉపాధ్యాయుని జీతము గిట్టవలెనను తలంపు మొదటి లోపము. పసివారి చేతులు బడిని పోషింపవలెనన్నచో బడి కర్మాగారమగును. ఉపాధ్యాయుడు మేస్త్రీ యగును. పైగా ఆ సరకు, అదే యూరిలోని నేతగాని, వడ్రంగి సరకుతో పోటీపడును. ఈ యాక్షేపణ ఆనాడే వచ్చినది; దానికి తగిన సమాధానము రాలేదు.

ఉపాధ్యాయుల కొఱత రెండవది. నూలు వడకుచు లెక్కలు చెప్పవలెనన్నచో రెండును క్షుణ్ణముగ తెలిసినవాడు కావలెను. అట్టివారిని తయారుచేయకయే బడులకు పేర్లు మార్చితిమి. తకిలీ త్రిప్పుట యొక తంతుగ మిగిలెను.

మూడవది అన్నింటికంటె పెద్దది, చెప్పుటకు కష్టమైనది. ఆ బడులను పొగడినవారెవరును తమ పిల్లల నందులోనికి పంపలేదు. వేదికపై చేతిపని మహిమను వర్ణించి, ఇంటికి పోయి కుమారుని కాన్వెంటులో చేర్చిరి. పేదవాడు దీనిని గమనింపకుండునా? "అయ్యగారి బిడ్డకు ఇంగ్లీషు, నా బిడ్డకు రాట్నమా?" అని వాడడిగెను. ఆ ప్రశ్నకు జవాబు లేదు. తమ బిడ్డలకు రుచింపని మందును ఊరివారి బిడ్డలకు త్రాగింపబోవు వైద్యుని ఎవరు నమ్ముదురు?

1953 నేర్పిన పాఠము

ఈ యనుమానము ఊరక పుట్టినది కాదని 1953లో తేలిపోయెను. మద్రాసు ముఖ్యమంత్రిగా నుండిన రాజగోపాలాచారిగారు గ్రామములందలి ప్రాథమిక పాఠశాలలలో నూతన పథకమును ప్రవేశపెట్టిరి. పిల్లలు దినమునకు మూడు గంటలు బడిలో చదివి, మిగిలినకాలము తండ్రి చేయు వృత్తిని నేర్వవలెనట. బడులు చాలని దినములలో ఒకే బడి రెండు జట్లకు పనికివచ్చునని వారు తలచియుండిరి. కాని మంగలి బిడ్డ మంగలిగను, చాకలి బిడ్డ చాకలిగను నుండిపోవుటకే యిది యేర్పాటు అని జనులు తలచిరి. తమిళదేశమున పెరియార్ రామస్వామిగారు మొదలగువారు తీవ్రముగ నెదిరించిరి. 1954లో రాజగోపాలాచారిగారు పదవిని వదలిరి. వెంటనే కామరాజుగారు ఆ పథకమును రద్దుచేసిరి. రద్దుచేయుటయే న్యాయము.

ఏలన, చేతిపని నేర్పుట వేఱు, కులవృత్తికి కట్టివేయుట వేఱు. బ్రాహ్మణుని కుమారుడు బాడిస పట్టుట, కుమ్మరి కూతురు సూక్ష్మదర్శిని పట్టుట - ఇది విద్య. ఎవరి పని వారికే యనుట విద్య కాదు, సంకెల. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము పదునాలుగేండ్లలోపువారిని పనిలో పెట్టుటను నిషేధించుచు, బడివేళలు గాక మిగిలిన వేళలలో కుటుంబపు పనికి తోడ్పడుటను మాత్రము మినహాయించినది. ఈ మినహాయింపు మాటున 1953 నాటి నీడ మఱల పాకకుండ మనము కనిపెట్టియుండవలెను.

నేటి స్థితి

రాజ్యాంగము 45వ అధికరణమున పదేండ్లలో పదునాలుగేండ్ల వయస్సు వఱకు నెల్ల పిల్లలకును ఉచిత నిర్బంధవిద్య కలుగజేయ యత్నింతుమని 1950లో మాట యిచ్చితిమి. 1960 దాటిపోయినది. 2002లో 86వ సవరణచే విద్య ప్రాథమిక హక్కయ్యెను. 2009లో చట్టము వచ్చి, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. పదేండ్ల మాట తీరుటకు అఱువదియేండ్లు పట్టినను, నేడు బడిలో పేరులేని పిల్లలు అరుదు. ఇది చిన్న విజయము కాదు.

కాని పేరున్నది, చదువున్నదా? గ్రామసీమలలో ప్రథమ్ సంస్థవారు జరుపు అసర్ పరీక్షల ఫలితములు చూడుడు. ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు 2018లో నూటికి 50.5, కరోనా పిదప 2022లో 42.8, 2024లో మఱల 48.8. అనగా సగముమందికి ఐదేండ్ల బడి పిదపను రెండేండ్ల చదువు రాలేదు. 2024లో భాగహారము చేయగలవారు నూటికి 30.7 మాత్రమే. కాంబెల్ దొర 1823లో చూచిన చిలుకపలుకులకును వీనికిని భేదమేమి? ఇసుక పోయి పలక వచ్చెను. పలక పోయి తెర వచ్చెను. అర్థము మాత్రము రాలేదు.

2020 జాతీయ విద్యావిధానము ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతివఱకు పిల్లలు పుస్తకసంచి లేకుండ పది దినములు వడ్రంగి, తోటమాలి, కుమ్మరి మొదలగువారియొద్ద పని నేర్వవలెనని చెప్పినది. తలంపు మంచిది. కాని పది దినములలో ఉలి పట్టుట రాదు. ఉలి ఫొటో తీయుట మాత్రమే వచ్చును. 1964-66 నాటి కొఠారీ సంఘము "పని యనుభవము" అన్నది. 1977లో ఈశ్వర్ భాయి పటేలు సంఘము "సంఘోపయోగకరమైన ఉత్పాదక కార్యము" అన్నది. పేర్లు మారుచున్నవి, కాలపట్టికలో చివరి గంట మాఱుటలేదు. ఆ గంటలో లెక్కల మాస్టరు పాఠము పూర్తిచేసుకొనుచున్నాడు.

ఏమి నేర్పవలెను?

ప్రాథమిక పాఠశాల వృత్తి నేర్పు చోటు కాదు. పదేండ్ల బిడ్డ ముప్పదియేండ్ల వయస్సున ఏ పని చేయునో మనకు తెలియదు. ఆ పని నేటికింకను పుట్టియే యుండకపోవచ్చును. కావున ఏ వృత్తికైనను పునాదిగా నుండునది నేర్పవలెను. మాకు తోచిన నాలుగు విషయములను మనవి చేయుచున్నాము.

మొదటిది, అర్థముతో చదువుట, తన మాటలలో వ్రాయుట. మూడవ తరగతి దాటుసరికి ప్రతి బిడ్డయు కొత్త పుటను చదివి, దానిలో నేమున్నదో చెప్పగలిగియుండవలెను. ఇది మాతృభాషలో సులువు. సాధ్యమైనంతవఱకు మాతృభాషలోనే బోధింపవలెనని విద్యాహక్కు చట్టమే చెప్పుచున్నది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సర్కారు బడులలో ప్రాథమిక తరగతులనుండియే ఇంగ్లీషు మాధ్యమమును విధింపగా, 2020 ఏప్రిలులో హైకోర్టు ఆ యుత్తర్వులను కొట్టివేసినది. అయినను ఇంగ్లీషు కోరు పేద తల్లిని మేము తప్పుపట్టము. ధనికుని గుమ్మమునకు తాళపుచెవి యేదో ఆమె చూచినది. ఇంగ్లీషును చక్కగ భాషగా నేర్పుడు. కాని రాని భాషలో లెక్కలు చెప్పినచో లెక్కలును రావు, భాషయు రాదు.

రెండవది, బ్రతుకులో వాడు లెక్క. మన పల్లెలలో సెంటనగా 48.4 చదరపు గజములు, గుంటయనగా 121 చదరపు గజములు. నూరు సెంట్లైనను నలువది గుంటలైనను ఎకరమే. బడి దొడ్డిని కొలిచి ఈ లెక్క కట్టిన బిడ్డకు గుణకారము ఎన్నటికిని మఱపురాదు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ యనగా ఏటికి నూటికి ఇరువదినాలుగు అని ఐదవ తరగతిలో తెలిసికొన్న బిడ్డ, ఇంటిలో తండ్రి ప్రోనోటుపై వ్రేలిముద్ర వేయునపుడు ఊరకుండునా? ఒక సెంటీమీటరు వాన ఎకరము నేలపై కురిసిన నలువది వేల లీటర్లకు పైబడిన నీరగును. ఈ యొక్క లెక్కలో గణితము, భూగోళము, సేద్యము మూడును కలవు.

మూడవది, చేతికి పని. వారమునకు కనీసము నాలుగు గంటలు, ఏడాది పొడుగున. సూది, సుత్తి, ఉలి, తాపీ, పాఱ - మగపిల్లలకును ఆడపిల్లలకును ఒకటే. పెరటితోట వేయుట, విఱిగిన బల్లను బాగుచేయుట, చినిగిన బట్ట కుట్టుట, పై తరగతులలో చిన్న మోటారును విప్పి బిగించుట. అమ్మకమునకు కాదు, జీతమునకు కాదు. గురి చూచి కొలుచుట, కొలిచి కోయుట, తప్పినచో మఱల చేయుట - ఈ మూడును పుస్తకమువలన రావు. పుస్తకపు తప్పును గురువు ఎఱ్ఱసిరాతో దిద్దును. కోసిన కొయ్య తప్పును కొయ్యయే చూపును. ఊరిలోని వడ్రంగిని, నేతగానిని, మెకానికును తగిన భృతి యిచ్చి బడికి పిలువవలెను. వారు పీటపై కూర్చుండి "మాస్టరుగారు" అనిపించుకొన్న దినమున, చేతిపనిపై గల యేవగింపు సగము వదలును.

నాలుగవది, ఊరిని చదువుట. పంచాయతీ పద్దు, చౌకదుకాణపు పట్టిక, అడంగలు, పట్టాదారు పాసుపుస్తకము - వీనిని బిడ్డ చదువనేర్వవలెను. తన యూరి చెఱువు ఎట్లు నిండునో, ఆ నీరు ఎవరి పొలమునకు ఎట్లు పోవునో తెలియని పిల్లవాడు నైలునది పొడవును అప్పగించినందువలన ఫలమేమి?

కొలువులు వచ్చునా?

ఇట్లు నేర్పినచో నిరుద్యోగము పోవునా యని పాఠకు లడుగుదురు. పోదు; అంతటితో పోదు. అట్లు పోవునని చెప్పువాడు మోసగాడు. బళ్లారి నేతగాడు పనిరానివాడై చెడలేదు. తన పనికి కొనువారు లేక చెడినాడు. పరిశ్రమలు, సేద్యమునకు గిట్టుబాటు, చిన్న వర్తకునకు అప్పు, ఖాళీలను ఏండ్ల తరబడి నింపక యుంచని ప్రభుత్వము - ఇవి లేనిదే ఏ బడియు ఉద్యోగములను సృజింపజాలదు. ఆ బాధ్యతను ప్రభుత్వములు బడిపంతులు మీదికి నెట్టుటను మేమంగీకరింపము.

కాని బడి చేయగలది యొకటి కలదు. ఒక్క గుమ్మమునే చూపు చదువునకు మాఱుగ పది త్రోవలు చూపగలదు. కొలువు రాకున్నను తాను మనిషిగ తక్కువ గాలేదను ధైర్యము నీయగలదు. చేతితో పనిచేయుట అవమానము కాదని, పనిచేయువానికి చదువు అనవసరము కాదని ఏడేండ్ల వయస్సునుండియే తెలుపగలదు. మేము మొదట చెప్పిన యువకునకు లేనివి ఇవియే. ఆతనికి ఉద్యోగము లేకపోవుట దుఃఖము; ఉద్యోగము తప్ప మఱేమియు లేదని ఆతడు నమ్ముట అంతకుమించిన దుఃఖము.

భూవసతి గలవారితో, పట్టణవాసులతో నొక మాట

ఈ పత్రికను చదువువారిలో ననేకులు పొలముగలవారు, ఉద్యోగులు, వర్తకులు. వారితో నిర్మొగమాటముగ నొక మాట చెప్పదలచితిమి. వార్ధా పథకమును చంపినది ఇంగ్లీషువారు కారు, మనము. మన బిడ్డలొక బడికి, మన పాలేరు బిడ్డలొక బడికి పోవుచున్నంతకాలము ఏ సంస్కరణమైనను పేదవానికి మోసముగనే తోచును. తోచుట తప్పును కాదు.

విద్యాహక్కు చట్టము 21వ విభాగము ననుసరించి సర్కారు బడికి యాజమాన్య సంఘముండవలెను. అందు నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే. సభ్యులలో సగముమంది స్త్రీలు. బడికి వచ్చు సొమ్మెట్లు ఖర్చగుచున్నదో చూచుటకును, బడి యభివృద్ధి ప్రణాళికను వ్రాయుటకును వారికి హక్కు కలదు. మీ యూరిలో ఆ సంఘము ఎన్నడు కూడినదో మీకు తెలియునా? కాగితముపై సంతకములతో ముగిసినదా? మీ బిడ్డ ఆ బడిలో నుండినచో తెలిసియుండును. ఉన్నవారి బిడ్డ యున్న బడికి పంతులు వేళకు వచ్చును, కప్పు కారదు, చేతిపని గంటలో చేతిపనియే జరుగును. ఇది లోకరీతి, దాచుటవలన ప్రయోజనము లేదు.

అంత త్యాగము వెంటనే చేయలేరా? అయినచో ఇంతైనను చేయుడు. మీ కాన్వెంటువారిని, మా బిడ్డకును ఉలి పట్టుట నేర్పుడని యడుగుడు. సెలవులలో మీ కుమారుని ఒక నెల మీ మోటారు బాగుచేయువానియొద్ద కూర్చుండబెట్టుడు. ఆ మోటారు బాగుచేయువాని కుమారుని మీ యింట కూర్చుండబెట్టి, లెక్కలు చెప్పించుడు. ఇందులకు ప్రభుత్వపు టుత్తర్వు అక్కఱలేదు.

నల్లగొండ రైతు మాతో మాటాడిన దినమున ఆతని చిన్న మనుమడు, కూతురి బిడ్డ, అరుగుపై కూర్చుండి, చెడిన టార్చిలైటును విప్పుచుండెను. "చదువుకొమ్మన్న వినడు, ఎప్పుడును ఇదే గోల" అని తాత విసుగుకొనెను. వాడు లోపలి తీగను సరిచేసి మీట నొక్కగా దీపము వెలిగినది. ఆ బిడ్డ ముఖమున కలిగిన వెలుగును మేము చూచితిమి. వచ్చు నెలలో వానిని పట్టణమున మంచి బడిలో వేయుదుమని తాత చెప్పెను. ఆ బడి వానిచేతిలోని టార్చిలైటును లాగికొనునా, లేక దానిలో దీపమెట్లు వెలిగినదో వానికి తెలుపునా? వాని బ్రతుకు, వానివంటి లక్షలమంది బ్రతుకు, ఈ ప్రశ్నకు మనమిచ్చు జవాబుపై నాధారపడియున్నది.